పాడె దించే మనిషి

హైమవతి కుడి డొక్కలో అపార్ట్‌మెంటు లేస్తోంది. నిన్నటికి నాలుగంతస్తులు పూర్తయ్యాయి. ఇవాళ పొద్దున్న ఆమె స్నానం చేస్తుంటే ఐదోదానికి సెంట్రింగు కొడుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆమె ఒళ్లు తుడుచుకుని, గోరింటాకు సగం అరిగిన చిటికెనవేలితో చెవిలో తడి తిప్పి తీసుకుని, చీర కట్టుకుని, చప్పుడు వస్తున్న చోట కొంగు కాస్త వదులుగా చుట్టుకుంటుంది.

హైమవతి కాకినాడలో ఒక ఆడపిల్లల హాస్టలుకి వార్డెను. ఆమె గది ఖాళీ చెయ్యమందంటే పెట్టె సర్దుకోవడమే తప్ప ఎదురు మాట్లాడిన పిల్ల ఇంతవరకూ పుట్టలేదు. అలాంటి మనిషి ఒంట్లో, అడగకుండా, అడ్వాన్సు మాట కూడా ఎత్తకుండా ఎవరో వచ్చి మేడలు కడుతున్నారు. ఆమెకి భయం తర్వాత వేస్తుంది. ముందు ఒళ్లు మండుతోంది.

డాక్టరు ఇందుమౌళి ఆమె స్కాను ఫిల్మును కిటికీ వెలుగులో పైకెత్తి చూస్తాడు. ఫిల్ములో బాల్కనీలు స్పష్టంగా పడ్డాయి. రెండో అంతస్తు బాల్కనీలో ఎవరిదో లుంగీ ఆరేసి ఉంది.

"కాలేయం మీద కట్టారండి," అంటాడు. "దీనికి పైన ఊపిరితిత్తి ఉంది. ఆరో స్లాబు పడిందంటే ఊపిరితిత్తి దాని కిందకి వచ్చేస్తుంది. మీకు ఇక గాలి ఆడదు."

"కూలగొట్టించండి."

"మందు పోస్తానండి. గోడలు పడతాయి. కానీ గోడలు పడినా లోపలివాళ్లు కదలాలి కదా." ఆయన ఫిల్ము కింద పెట్టి, చేతులు కట్టుకుంటాడు. "ప్రతి కణంలోనూ ఒక జన్యువు కాపలా ఉంటుందండి. కణం చెడిందనుకోండి, పని ఆపమంటుంది. బాగు చేయిస్తుంది. బాగుపడే రకం కాకపోతే చచ్చిపొమ్మంటుంది. కణం కూడా మారు మాట్లాడకుండా పోతుంది. మీలో ఆ జన్యువు మారింది. మీ అమ్మగారి నుంచి వచ్చింది బాగానే ఉంది. నాన్నగారి నుంచి వచ్చిందే తేడా."

"ఒకటి బాగుంది కదా. దాంతో పని నడవదా?"

"నడవదండి. ఆ జన్యువు పంపే పనివాళ్లు నలుగురు కలిస్తేనే పని. నలుగురిలో ఒకడు తేడా అయితే మిగతా ముగ్గురూ ఊరికే నిలబడాల్సిందే. ఎందుకో నేను చెప్తే మీకు కోపం వస్తుంది. మీరే వెళ్లి చూడండి." ఆయన స్టెతస్కోపు ఆమె డొక్క మీద ఆనించి, రెండు వేళ్లతో తలుపు తడతాడు. "చివరి పక్కటెముక కింద గుమ్మం ఉంది. చెప్పులు ఇక్కడే విడవండి."

హైమవతి చెప్పులు విడిచి, తల కాస్త వంచి, తన డొక్కలోకి వెళ్తుంది. వెనక్కి తిరిగి చూస్తే డాక్టరు గది రైలు ప్లాట్‌ఫారమంత పొడుగై ఉంది. డాక్టరు ఆ చివర ఎక్కడో కూర్చుని ఇంకో రోగి ఫిల్ము చూస్తున్నాడు.

లోపల తడి సిమెంటు వాసన. గేటు మీద 'వరప్రసాద్ రెసిడెన్సీ' అని ఇత్తడి అక్షరాలు. అక్షరాలకి మాత్రం మెరుగు తగ్గలేదు. పక్కనే చెత్తకుప్ప గోడంత ఎత్తుంది. దాన్ని ఎత్తించాలన్న ఆలోచన ఎవరికీ వచ్చినట్టు లేదు. పేరు గొప్ప ఊరు దిబ్బ అనుకుంటూ హైమవతి ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంటుంది.

మెట్ల దగ్గర గోడకి పచ్చి వెదురు పాడె ఒకటి ఆనించి ఉంది. దాని పక్కన నలుగురు కూర్చున్నారు. ఆమెని చూడగానే లేచి భుజం మీది తువ్వాళ్లు చేతిలోకి తీసుకుంటారు.

"రండమ్మా. మేం మీ మనుషులమేనండి," అంటాడు వాళ్లలో పెద్దవాడు. పేరు కోటయ్య. మెడ మీద పాడె మోసిన కాయ ఉంది. "నేనూ, ఈళ్లిద్దరూ మీ అమ్మగారి వైపు నుంచి వచ్చామండి. ఆడు సూరిబాబండి. మీ నాన్నగారి వైపు."

సూరిబాబుది గుండ్రటి మొహం. కళ్లలో ఎప్పుడూ నీళ్లు సిద్ధంగా ఉంటాయి. అతను చేతులు జోడించి, ఆమె చిక్కిపోయిందని అప్పుడే బాధపడుతున్నాడు.

"మీరు నలుగురూ ఇక్కడుండి ఏం చేస్తున్నట్టు?" అంటుంది హైమవతి. "నా నెత్తిన ఐదంతస్తులు కడుతుంటే చూస్తూ కూర్చోవడానికా మిమ్మల్ని పెట్టింది?"

కోటయ్య తల దించుకుని సంగతి చెప్తాడు. ఈ మేడలో ఉన్నవాళ్లంతా ఒక్కడే. వాడి పేరు వరప్రసాదు. మొదట్లో బుద్ధిమంతుడే. ఒక చిన్న వాటాలో ఉంటూ, పైత్యరసం పని చేసుకుంటూ, తలవంచుకుని వెళ్లి తలవంచుకుని వచ్చేవాడు. ఒకనాడు వాడి వీపు మీద నిలువునా పగులు వచ్చింది. నలుగురూ వెళ్లి పని ఆపించారు. మేస్త్రీని పిలిపించారు. మేస్త్రీ పగుల్లో వేలు పెట్టి చూసి, ఇది అతుక్కునేది కాదని చెప్పి వెళ్లిపోయాడు. ఇక పాడె తెచ్చారు.

"ఇక్కడి పద్ధతి మీకు తెలీదేమోనండి," అంటాడు కోటయ్య. "పాడె వచ్చిందంటే మర్యాదస్తులు ఇంక వాదన పెట్టుకోరు. గిన్నెలూ చెంబులూ పక్కవాటాల వాళ్లకి పంచేసి, పక్క మడతపెట్టి, ఆళ్లే వచ్చి పడుకుంటారు. ఇక్కడ చచ్చాక పాడె ఎక్కరండి. ఎక్కాక, గుమ్మం దాటాక చస్తారు. వేరేవాళ్ల ఒంట్లో అయితే రోజూ ఎంతమంది అలా పోతుంటారో, ఆళ్లకి చప్పుడు కూడా వినపడదు. వరప్రసాదు కూడా పడుకున్నాడండి. లేదంటే పాపం వస్తది. ఎత్తాం. గుమ్మం దాకా తెచ్చాం."

"తెచ్చి?"

ముగ్గురూ సూరిబాబు వైపు చూస్తారు. సూరిబాబు తువ్వాలుతో కళ్లు ఒత్తుకుంటాడు.

"దింపుడు కళ్లం ఉండాలి కదండీ," అంటాడు.

హైమవతికి ఆ ఆచారం తెలుసు. శవాన్ని తీసుకెళ్తూ శ్మశానం చేరకముందే ఒకచోట పాడె దించుతారు. దగ్గరివాళ్లు వంగి, చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు. కొనప్రాణం ఎక్కడైనా మిగిలి ఉంటే పలుకుతాడేమోనని ఆశ. ఎవరూ పలకరు. అందుకే జరగని పని మీద పెట్టుకున్న ఆశకి జనం ఆ పేరే పెట్టారు. చచ్చినవాడి విషయంలో అది ఒక మర్యాద. కానీ ఈ మహానుభావుడు ఇంకా చావనివాణ్ని గుమ్మం లోపలే దించి పిలుస్తున్నాడు.

"పలికాడండి," అంటాడు సూరిబాబు, సంతోషం ఆపుకోలేక. "మొదటి పిలుపుకే ఆఁ అన్నాడండి. పలికినోణ్ణి ఎలా తీసుకెళ్తామండి?"

"బతికున్నవాణ్ని పిలిస్తే పలకక పాట పాడతాడా?" అంటుంది హైమవతి. తర్వాత మిగతా ముగ్గురి వైపు తిరుగుతుంది. "వాడు దించితే దించాడు. మీకేమొచ్చింది?"

"మూడు మూలల మీద పాడె నిలవదు కదమ్మా. ఒకడు దించితే నలుగురం దించాల్సిందేనండి."

"అయితే వీణ్ని తీసేసి ఇంకొకణ్ని పెట్టుకోండి."

"ఏ వాటాకెళ్లినా నలుగురమేనండి. ఏ నలుగురిని చూసినా అందులో ఈడుంటాడు. పని అయ్యాక మేం ఇళ్లకి పోతాం. ఈడు పోడు. అలా చూడండి." మెట్ల మీద, ఒక్కో మెట్టుకి ఇద్దరు ముగ్గురు చొప్పున, సూరిబాబులు కూర్చుని ఉన్నారు. అందరి కళ్లలోనూ నీళ్లే. "చెడ్డోడు కాదమ్మా. చెడ్డోడైతే ఎప్పుడో తన్ని పంపేసుందుం. అదే వచ్చిన చిక్కు."

హైమవతికి సూరిబాబు గొంతు ఎక్కడో విన్నట్టుంది. కాసేపటికి గుర్తుపడుతుంది. అది ఆమె నాన్న గొంతు. ఆయన బొద్దింకని కూడా చీపురుతో కొట్టకుండా, అట్టముక్క మీదకి ఎక్కించి గుమ్మం బయట వదిలేవాడు. అది వెంటనే తిరిగి లోపలికి వచ్చేది. చిన్న వయసులోనే ఎముకలో ఏదో పెరిగి మేనత్త రాజ్యం చనిపోయినప్పుడు, మూడుసార్లు పిలిచాక కూడా పాడె లేవనివ్వకుండా పిలుస్తూనే ఉన్నాడు. తర్వాత ఆయన మెడలోనూ ఏదో పెరిగింది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. ఈ బుద్ధి పుడకలతో కూడా పోలేదు. కూతురి దగ్గరికి వచ్చి మెట్ల మీద కూర్చుంది.

జాలి ఉండాల్సిందే. కానీ జాలికి కూడా చోటు తెలియాలి. చోటు తెలియని జాలి కన్నా కసాయివాడి కత్తి నయమనుకుంటూ ఆమె సూరిబాబుల మధ్య నుంచి మెట్లెక్కుతుంది. వాళ్లు పక్కకి జరిగి, జాగ్రత్తమ్మా, మెట్టు ఎత్తుగా ఉంది అని ఒకరి తర్వాత ఒకరు చెప్తుంటారు.

మొదటి అంతస్తులో తలుపులన్నీ తీసే ఉన్నాయి. ఒక వాటాలో వరప్రసాదు భోజనానికి కూర్చున్నాడు. ముద్ద నోట్లో పెట్టుకునేలోపే నడిమికి రెండుగా చీలి ఇద్దరవుతాడు. ఇద్దరూ కంచం తనదంటే తనదని తగువు పడతారు. తగువు తేలకముందే నలుగురై, వంటింట్లోకి వెళ్లి కుండ బోర్లించుకుంటారు. ఎవడూ చెయ్యి కడుక్కోడు.

రెండో అంతస్తులో వరప్రసాదులకి చొక్కా గుండీలు ఒకటి కిందకీ ఒకటి పైకీ పెట్టి ఉన్నాయి. మూడో అంతస్తులో ఒకడికి చెవి వీపు మీద మొలిచింది. ఇంకొకడు తన ఇంటిపేరు మరిచిపోయి, మరిచిపోయినందుకు గర్వంగా ఉన్నాడు. నకలుకి నకలు తీస్తూ పోతే చివరికి కాగితం మీద మసే మిగులుతుంది. మసికి కూడా మీసం దువ్వుకోవాలని ఉంటుందని హైమవతి ఇక్కడే చూస్తోంది.

"మీరు ఏం పని చేస్తారు?" అని ఒకణ్ని అడుగుతుంది.

"పెరుగుతామండి."

"కాలేయంలో కాపురం పెట్టారు కదా. కాలేయం పని ఎవరు చెయ్యాలి?"

"అది పాతకాలం వాళ్ల ముచ్చటండి. మాకు ఆ బాదరబందీలు లేవు." వాడు పళ్లు కుట్టుకుంటూ ఆమెని కింద నుంచి పైకి చూస్తాడు. "మీరు ఏ అంతస్తండి?"

"నేనే ఈ ఇల్లు."

"ఓహో," అంటాడు వాడు. ఆ మాటకి అంతకన్నా విలువ ఇవ్వడు.

నాలుగో అంతస్తులో పాడె లేదు. కోటయ్య లాంటివాళ్లూ లేరు. అమ్మ వైపు వాళ్లని ఇక్కడ ఎప్పుడో సాగనంపేశారు. నాలుగు మూలలా నలుగురు సూరిబాబులే. మోసే పని లేక వాళ్లు ఊరికే ఉండలేక, ఇంటి పనుల్లో సాయం పడుతున్నారు. ఒకడు ఆమె రక్తనాళానికి కన్నం వేసి పైపు బిగించి ప్రతి వంటింటికీ నీళ్లు తిప్పుతున్నాడు. ఒకడు గోడ పగలగొట్టి, కొత్తగా చీలిన వరప్రసాదులకి పైన ఊపిరితిత్తిలో స్థలాలు చూపిస్తున్నాడు. గాలి బాగా వస్తదండి, తూర్పు ముఖమండి, అంటున్నాడు.

"నీకు సిగ్గులేదూ?" అంటుంది హైమవతి.

"ఇరుగ్గా ఉన్నారు కదండీ పాపం," అంటాడు సూరిబాబు.

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ దొంగ అసలు దాక్కోను కూడా దాక్కోడు, ఎదురొచ్చి మంచినీళ్లు ఇస్తాడు. హైమవతి ఆ గ్లాసు తీసుకోదు. నీళ్లు తనవేనని ఆమెకి తెలుసు.

ఐదో అంతస్తులో, సెంట్రింగు కర్రల మధ్య, పడకకుర్చీలో మొట్టమొదటి వరప్రసాదు కూర్చుని ఉన్నాడు. వీపు పగుల్లోంచి వెనకున్న గోడ కనిపిస్తోంది. పక్కన తాపీమేస్త్రీలు ఆరో స్లాబుకి ఇనుప చువ్వలు కడుతున్నారు. వాళ్లు ఒక్కో చువ్వ కట్టినప్పుడల్లా హైమవతికి దగ్గు వస్తుంది.

"రండి మేడమ్ గారూ, కూర్చోండి," అంటాడు వరప్రసాదు. లేవడు.

"నా ఇంట్లో నువ్వు నన్ను కూర్చోమంటావా? వీపు అలా పగిలి ఉంది. ఎప్పుడో పోవాల్సినవాడివి. పోవడం నీ పని."

"చావమంటే చచ్చేవాళ్లంతా చచ్చిపోయారండి. చావనివాళ్లం మిగిలాం. మిగిలినవాళ్లని పట్టుకుని మీరు ఎందుకు చావలేదంటే ఎలాగండి?"

"ఆ స్లాబు పోస్తే నేను పోతాను. నేను పోతే నువ్వు ఎక్కడుంటావు?"

వరప్రసాదు కాస్త ఆలోచించినట్టు మొహం పెడతాడు. ఆ మొహానికి అది అలవాటు లేని పని. "అంత దూరం మేం చూసుకోలేదండి," అంటాడు. "మా కమిటీలో స్లాబు వరకే తీర్మానమైంది."

తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాడికైనా వాసాలు ఎన్నో తెలుస్తుంది. వీడికి అది కూడా తెలీదు. ఇలాంటివాడి చేతిలో చావాలా అని హైమవతికి ఏడుపు వస్తుంది. చావు కన్నా ఆ చేతులు ఎవరివన్నదే ఆమెకి ఎక్కువ కష్టంగా ఉంది. తనకి బతకాలని ఉంది. హాస్టలు వరండాలో సాయంత్రం పూట కుర్చీ వేసుకుని, తలుపులు మూసే వేళకి పరుగెత్తుకొచ్చే పిల్లల్ని కళ్లతోనే బెదిరిస్తూ ఇంకొన్నేళ్లు కూర్చోవాలని ఉంది.

అప్పుడే పై నుంచి మందు కురుస్తుంది. డాక్టరు మాట ఇచ్చినట్టే పోస్తున్నాడు. నారింజ రంగు వాన, ఇనుము వాసన. గోడలు పెళ్లలు పెళ్లలుగా ఊడుతున్నాయి. వరప్రసాదుల వీపులు ఒక్కొక్కటే చిట్లుతున్నాయి. ఒకడి నడుము రెండు తునకలైంది. రెండు తునకలూ అన్నం అడుగుతున్నాయి.

కింది నుంచి కోటయ్య వాళ్లు పాడెతో పరుగెత్తుకొస్తారు. పగిలిన వీపుల్ని చూసి కోటయ్య మొహం వెలుగుతుంది. ఇక ఎవరూ కాదనలేరమ్మా అంటాడు. ఒకణ్ని పడుకోబెడతారు. ఎత్తుతారు. గుమ్మం దగ్గర సూరిబాబు ఒక్క క్షణమండి అంటాడు. దించుతారు. వంగి పిలుస్తాడు. పాడె మీదివాడు ఆఁ అంటాడు, లేచి ఒళ్లు దులుపుకుని మేడెక్కుతాడు. ఇంకొకణ్ని పడుకోబెడతారు. వాన వెలిసేదాకా ఇదే పని. ఆ వానకి హైమవతి జుట్టు మాత్రం మొత్తం ఊడి మెట్ల మీద పడుతుంది. సూరిబాబులు దాన్ని జాగ్రత్తగా ఏరి ముడి వేసి పెడతారు.

హైమవతి కొంగు నడుముకి బిగిస్తుంది.

"సూరిబాబూ, పక్కకి తప్పుకో," అంటుంది. "నాలుగో మూల నేను పడతాను."

"ఆడవాళ్లు పాడె మోస్తారాండి?" అంటాడు కోటయ్య.

"మగవాళ్లు మోసి ఉద్ధరించారు కదా. చూశాం."

సూరిబాబు ఏమాత్రం నొచ్చుకోడు. తన తువ్వాలు చుట్ట చుట్టి ఆమె భుజం మీద మెత్తగా సర్దుతాడు. "మీరే పట్టుకుంటానంటే అంతకన్నా ఏం కావాలండి," అంటాడు. మొదటి వరప్రసాదు కూడా గొడవ చెయ్యకుండా వచ్చి పాడె మీద పడుకుంటాడు. పాడెక్కడం వాడికి అలవాటైపోయింది. వెదురు మీద పడుకుంటే నడుం నొప్పి తగ్గుతుందని మధ్యాహ్నాలు తనే అడిగి మరీ ఎక్కుతాడట. చావుని మంచం చేసుకున్న వెధవ అనుకుంటూ హైమవతి కొన భుజానికి ఎత్తుకుంటుంది.

పాడె లేస్తుంది. నాలుగు మూలలూ ఒక్క ఎత్తున ఉన్నాయి. ఐదో అంతస్తు దిగుతారు, నాలుగు దిగుతారు. వరప్రసాదులు బాల్కనీల్లోకి వచ్చి, నములుతూ చూస్తారు. ఒకడు కింద పడేసిన తొక్క మీద కాలు జారబోయి ఆమె నిలదొక్కుకుంటుంది. దించదు. మూడు, రెండు, ఒకటి. కోటయ్య వెనక నుంచి, అంతేనమ్మా, అంతేనమ్మా అంటున్నాడు. ఎన్నేళ్లుగానో అతను గుమ్మం అవతల ఏముందో చూడలేదు.

గుమ్మం వస్తుంది. ఇంకొక్క అడుగు వెయ్యాలి.

అప్పుడు పాడె మీద నుంచి వరప్రసాదు గురక వినిపిస్తుంది. చిన్న గురక, ముక్కు దిబ్బడేసిన పిల్లవాడిది లాంటిది. హైమవతికి, వీడు ఒకప్పుడు తలవంచుకుని పనికి వెళ్లి తలవంచుకుని వచ్చేవాడన్న మాట గుర్తుకొస్తుంది. ఆమెకి అసహ్యం పోలేదు. కానీ అసహ్యం కింద నుంచి ఇంకేదో ఉబికి భుజంలోకి వస్తుంది. ఆ భుజం నాన్నది. ఎముక ఆయనదే, దాన్ని కప్పిన కండలో ప్రతి వాటాలోనూ నలుగురున్నారు, ఆ నలుగురిలో సూరిబాబు ఉన్నాడు. ఆమె వద్దనుకుంటూనే ఉంది. ఆమె మోకాళ్లు వంగుతున్నాయి. పాడె గుమ్మం లోపలే నేల మీద ఆనుతుంది.

హైమవతి వంగి, వాడి చెవి దగ్గర నోరు పెడుతుంది. వరప్రసాదూ అని పిలవబోతుంది.

"హైమా," అంటుంది ఆమె నోరు. నాన్న పిలిచే పిలుపు.

"ఆఁ," అంటాడు పాడె మీదివాడు.

ఒకటో అంతస్తు నుంచి, రెండో అంతస్తు నుంచి, కిటికీ కిటికీ నుంచి ఆఁ అని జవాబు వస్తుంది. అన్నీ ఆమె గొంతులే. వాళ్లలో ఒక్కడూ సందేహించడు. ఆమె రెండోసారి పిలుస్తుంది, మూడోసారి పిలుస్తుంది. ప్రతిసారీ మేడ మేడంతా పలుకుతుంది. పిలుస్తున్న నోరు కాబట్టి ఆమె నోరు ఒక్కటే పలకదు.

కోటయ్య తువ్వాలు చేతిలోకి తీసుకుని, ఆమె ముందుకు వచ్చి నిలబడతాడు.

"అమ్మా, మూడుసార్లూ అయిందండి," అంటాడు. "మీ పేరుకి అందరూ పలికారు. మీరు పలకలేదండి. పలకనోళ్లనే కదండీ మోసేది."

"పిలిచింది నేనే కదయ్యా."

"పిలిచినోళ్లు పలక్కూడదని ఎక్కడా లేదు కదండీ."

హైమవతి వాదించడానికి నోరు తెరుస్తుంది. అందులో తప్పు పట్టడానికి ఏమీ దొరకదు. వరప్రసాదు అప్పటికే లేచి, ఆవులించి, తను పడుకున్న చోటు అరచేత్తో తుడుస్తున్నాడు. "రండి మేడమ్ గారూ, వెచ్చగానే ఉంది," అంటాడు. పైన ఆరో స్లాబు పోస్తున్నారు. కంకర మిక్సరు తిరుగుతోంది. ఆమెకి గాలి సగమే అందుతోంది, ఆ సగంలో కూడా సిమెంటు ఉంది.

ఈ మేడలో మర్యాద తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. ఉన్నవి పక్కవాళ్లకి పంచాలి కదా అని నడుముకున్న హాస్టలు తాళాలగుత్తి తీసి చుట్టూ చూస్తుంది. బాల్కనీల నిండా నములుతున్న నోళ్లు. ఇవ్వదగ్గ మొహం ఒక్కటీ కనిపించదు. ఆమె గుత్తి మళ్లీ నడుములో దోపుకుని, కొంగు సరిచేసుకుని, వాడు తుడిచిన చోటుని ఇంకోసారి తను తుడిచి, పాడె మీద పడుకుంటుంది.

సూరిబాబు తన మూలకి వస్తాడు. నలుగురూ ఎత్తుతారు. పాడె గుమ్మం దాటుతుంది. ఇంతకాలం ఒక్కణ్ని కూడా దాటించలేకపోయిన గుమ్మాన్ని అంత తేలిగ్గా దాటుతుంది. వెనక ఎవడో చప్పట్లు కొట్టి, తన ముద్దకి వెళ్లిపోతాడు.

గుమ్మం అవతల రోడ్డు లేదు. చెవి ఉంది. వెచ్చగా, మెత్తగా, మెలిక తిరుగుతూ బయటికి పోతోంది. మోసేవాళ్ల అడుగులు అందులో చప్పుడు లేకుండా దిగబడుతున్నాయి. హైమవతి వెల్లకిలా పడుకుని, పైన ఎర్రటి కప్పు కదిలిపోవడం చూస్తుంది. కొంత దూరం పోతుంది. ఇంకొంత దూరం పోతుంది. పాడె సమంగా పోతూనే ఉంది. ఆమె ఒక కుదుపు కోసం కాచుకుంటోంది. కాచుకుంటున్నానని తెలిసి ఆమెకి తన మీద తనకే రోత పుడుతుంది. అయినా కాచుకుంటోంది.

"సూరిబాబూ," అంటుంది చివరికి. "ఒక్కసారి దించవయ్యా."

"వద్దులెండమ్మా," అంటాడు సూరిబాబు, నడక ఆపకుండా. అతని కళ్లు పొడిగా ఉన్నాయి. "ఇందాక మీరు అన్నారు కదండీ, బుద్ధొచ్చిందండి నాకు."

కోటయ్య మెచ్చుకోలుగా తల ఊపుతాడు. నలుగురి అడుగులూ చక్కగా కలుస్తున్నాయి. ఎదురుగా, చెవి కన్నంలోంచి, తాటిదూలమంత చిటికెనవేలు ఒకటి దారికి అడ్డంగా నిదానంగా తిరుగుతూ వస్తోంది. దాని గోరు మీద గోరింటాకు సగం అరిగి ఉంది.